మా రోడ్డు నంబరు మాకు చెప్పాలి కదా

మా వేల్పూర్ క్రాస్‌రోడ్డు మీదుగా పోయేది 63వ జాతీయ రహదారి. నేను పసుపు బస్తాలు లారీకెత్తి నిజామాబాద్ యార్డుకు పంపడం మొదలుపెట్టిన రోజుల్లో ఇదే రోడ్డు 16. నిజామాబాద్ నుంచి జగ్దల్‌పూర్ దాకా పోయేది. ఆర్మూర్ దగ్గర దాన్ని దాటే 7వ నంబరు రోడ్డు ఇప్పుడు 44.

2010లో కేంద్రం దేశమంతా నంబర్లు మార్చింది. మా 16 చెన్నై–కోల్‌కతా దారికి పోయింది. మాకొచ్చిన 63 అంతకుముందు గుత్తి–అంకోలా రోడ్డుది.

మార్పు మంచిదే. పాత నంబర్లకు వరస లేదు, కొత్తవాటికి ఉంది. ఉత్తర దక్షిణాలుగా పోయే రోడ్లకు సరి సంఖ్యలు, తూర్పు పడమరలుగా పోయేవాటికి బేసి సంఖ్యలు. బేసి నంబరు దక్షిణానికి పోయేకొద్దీ పెరుగుతుంది. అందుకే పైన నిర్మల్‌కొచ్చేది 61, నడుమ మాది 63, కింద హైదరాబాద్–విజయవాడ 65. మూడంకెలుంటే అది పాయ: 161లో 61 ఉంది చూడండి. మద్నూర్ నుంచి బోధన్, బాసర మీదుగా భైంసా పోయేదైతే 161బీబీ.

ఇంత చక్కని లెక్కను ఊళ్లో ఎవరూ చెప్పలేదు. పసుపు రంగు తలకట్టున్న కిలోమీటరు రాయి మీద అంకె మారింది, అంతే. మా నాన్న నాటి దస్తావేజులో మాత్రం "దక్షిణాన 16 నంబరు రోడ్డు" అనే హద్దు అట్లాగే ఉంది. ఇప్పుడు 16 అంటే విశాఖపట్నం రోడ్డు. ఇట్లాంటి దస్తావేజులతో పోల్చుకోవాలంటే భూసేకరణ నోటీసుల్లో పాత నంబరు కూడా అచ్చువేయాలి. ప్రతి క్రాస్‌రోడ్డులో తెలుగులో ఒక బోర్డు పెట్టాలి.