అయస్కాంత యుద్ధము

2025 మే నెలలో చిన్న అయస్కాంతములు దొరకక అమెరికాలో ఫోర్డు కంపెనీవారు చికాగో కర్మాగారమును వారము దినములు మూసివైచిరి. జపానులో సుజుకీవారు స్విఫ్టు బండ్ల తయారీని నిలిపిరి. ఫిరంగి మ్రోగలేదు, ఓడ మునుగలేదు. అయినను ఇది యుద్ధమే యని మా యభిప్రాయము.

మేలిరకపు చిప్పులును, వానిని చేయు యంత్రములును చైనాకు పోరాదని 2022 అక్టోబరులో అమెరికా కట్టడి చేసినది. 2025 ఏప్రిలులో ట్రంపు ప్రభుత్వము చైనా సరకులపై సుంకములను నూటికి 145 వరకు హెచ్చింపగా, చైనా నూటికి 125 వరకు పోయినది. కాని చైనా చేతనున్న అసలు ఆయుధము వేఱు. డిస్ప్రోసియము, టెర్బియము మొదలగు ఏడు రేర్ ఎర్త్ లోహములును, వానితో చేసిన అయస్కాంతములును లైసెన్సు లేనిదే యెల్ల దాటరాదని ఏప్రిలు 4వ తేదీన శాసించినది. ఆ శాసనము అమెరికాకే గాక సర్వదేశములకును వర్తించినది. ఆబోతుల పోట్లాటలో లేగల కాళ్లు విరుగుట యన నిదియే. అక్టోబరు 30న బుసానులో ట్రంపు, షీ జిన్‌పింగులు కలసికొన్న పిమ్మట, ఆ నెల 9వ తేదీన చైనా ప్రకటించిన మఱింత కఠినమైన నిబంధనలు ఒక యేడు నిలిపివేయబడినవి. ఏప్రిలునాటి శాసనము రద్దు కాలేదు. దీనిని కొందఱు సంధి యనిరి. ఏడాది గడువుగల సంధిని మన కోర్టులలో వాయిదా యందురు.

పేరున కరుదైనవే కాని, ఈ లోహములు భూగర్భమున నంత యరుదుగ లేవు. అరుదైనది వానిని విడదీయు విద్య. కవలలవలె నొకదానినొకటి పోలియుండు వీనిని ఆమ్లములలో కరగించి, వందలకొలది విడతలుగ వేఱుచేయవలెను. కడకు మిగులునది విషజలము, పలుచోట్ల రేడియోధార్మికమగు మడ్డియును. కాలిఫోర్నియాలోని మౌంటెన్ పాసు గని యొకప్పుడు లోకమునకు ప్రధానాధారము. చైనా చౌకధరలకును, కాలుష్యపు తగవులకును తాళలేక అది 2002లో మూతపడినది. తరువాత తెఱచిరి గాని పోయిన యాధిక్యము తిరిగి రాలేదు. మురికిపని యెవరు చేసిన నేమి యని పాశ్చాత్యు లూరకుండిరి. చైనా చేసినది. నేడు లోహశుద్ధిలో నూటికి సుమారు 90 పాళ్లు అచ్చటనే జరుగుచున్నది. చైనా పోకడ న్యాయమని మేమనము. చిప్పులను ముందుగ ఆయుధముగ జేసికొన్న అమెరికాకు మాత్రము దీనిని తప్పుపట్టు నర్హత తక్కువ.

మన మాట యేమి? థోరియముతో కూడిన మోనజైటు ఇసుక మన దేశమున సమృద్ధిగ కలదు. నిల్వలలో ఆంధ్రతీరమే మొదటిది. విశాఖపట్నమున 2023లో ప్రారంభమైన అయస్కాంతముల కర్మాగారపు శక్తి యేటికి 3,000 కిలోలు మాత్రమే. 2025 నవంబరులో కేంద్ర మంత్రివర్గము 7,280 కోట్ల రూపాయలతో ఏటికి 6,000 టన్నుల శక్తికి పథక మంగీకరించినది. సంతోషమే. కాని యీ పథకము ఆక్సైడులతో మొదలగుచున్నది. ఇసుకనుండి ఆక్సైడు తీయు కష్టమును, దాని మడ్డిని ఎక్కడ దాచవలెనను చిక్కును దీని వెలుపలనే యున్నవి; ఆ తీరమున వలలు వేసి బ్రతుకు పల్లెకారుల నెవరడిగిరి? మఱియొక సంగతి. మన మోనజైటులో డిస్ప్రోసియము వంటి బరువు లోహములు తీయదగినంతగ లేవు. ఏప్రిలులో చైనా తాళము వేసినది ముఖ్యముగ వానికే.