సూర్యుని పాత్ర ఎంత? – వాతావరణ మార్పు చర్చలో విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత

వాతావరణ మార్పులపై జరిగే రైతు సదస్సులలో తరచుగా వినిపించే ప్రశ్న ఒకటి ఉంది. భూమికి వేడినిచ్చేది సూర్యుడే అయినప్పుడు, భూతాపానికి మానవుణ్ణి బాధ్యుణ్ణి చేయడం ఎంతవరకు సమంజసం? ప్రశ్న సహజమైనదే. అయితే "ఇందులో రెండు అభిప్రాయాలు ఉన్నాయి" అని చెప్పి ముగించడం శాస్త్రీయమైన సమాధానం కాదు. సూర్యుని పాత్రను విజ్ఞానశాస్త్రం విస్మరించలేదు; కొలిచి, దాని పరిమితిని గుర్తించింది.

ఈ పరిశీలనకు దక్షిణ భారతదేశంతో పాత సంబంధమే ఉంది. సూర్యమచ్చలకు, ఇంగ్లండులోని గోధుమ ధరలకు సంబంధం ఉండవచ్చునని విలియం హెర్షెల్ 1801లోనే సూచించాడు. 1876–78 నాటి ఘోర కరువు నేటి రాయలసీమతో సహా మద్రాసు ప్రెసిడెన్సీని పీడించిన కాలంలో, గణాంకాధికారి డబ్ల్యు. డబ్ల్యు. హంటర్, ఖగోళ శాస్త్రజ్ఞుడు నార్మన్ లాకియర్ 1877లో ఆ ఆలోచనను వర్షపాతానికి అన్వయించారు. మద్రాసు వర్షాలు సూర్యమచ్చల 11 ఏళ్ల చక్రాన్ని అనుసరిస్తాయని వారు వాదించారు. 1904లో భారత వాతావరణ శాఖ అధిపతి అయిన గిల్బర్ట్ వాకర్ అనేక ప్రాంతాల లెక్కలతో పరీక్షించగా, ఆ సంబంధం వర్ష సూచనకు పనికివచ్చేంత బలమైనదిగా తేలలేదు. ఆ తరువాత ఆయన గుర్తించిన దక్షిణ డోలనమే నేటికీ రుతుపవన అంచనాలలో ముఖ్య ఆధారంగా నిలిచింది.

1978 నుండి సూర్యశక్తిని ఉపగ్రహాలు నేరుగా కొలుస్తున్నాయి. భూ వాతావరణం పైభాగాన చదరపు మీటరుకు సుమారు 1361 వాట్ల శక్తి చేరుతోంది. 11 ఏళ్ల చక్రంలో అందులో వచ్చే హెచ్చుతగ్గు సుమారు 0.1 శాతం మాత్రమే. 2008లో మొదలై 2019లో ముగిసిన చక్రం శతాబ్ద కాలంలోకెల్లా బలహీనమైన వాటిలో ఒకటి. అయినప్పటికీ భూతాపం తగ్గలేదు. 2015 నుండి 2024 వరకు గల పదేళ్లే కొలతలు మొదలైన నాటి నుండి అత్యంత వేడి సంవత్సరాలుగా నమోదయ్యాయి. పారిశ్రామిక యుగానికి ముందు పది లక్షలకు 280 వంతులుగా ఉన్న కార్బన్ డయాక్సైడ్ నేడు 420 దాటింది.

వేడి పెరిగిన తీరు కూడా కారణాన్ని సూచిస్తుంది. సూర్యుడే కారణమైతే వాతావరణం కింది పొరతో పాటు పైనున్న స్ట్రాటోస్ఫియర్ కూడా వేడెక్కాలి. వాస్తవంలో కింది పొర వేడెక్కుతుండగా పై పొర చల్లబడుతోంది. ఇది హరితగృహ వాయువుల లక్షణం. అలాగే గత శతాబ్దపు ద్వితీయార్ధంలో అనేక భూభాగాలలో పగటి కంటే రాత్రి ఉష్ణోగ్రతలు వేగంగా పెరిగాయి. సూర్యుడు లేని వేళ పెరిగే ఈ వేడికి సూర్యతేజమే మూలమనడం కష్టం.

పంటల శాస్త్రానికి ఈ చివరి అంశం అత్యంత ముఖ్యమైనది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ క్షేత్ర ఫలితాలు 2004లో వెలువడ్డాయి. వాటి ప్రకారం పొడి రుతువులో కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగినప్పుడు వరి దిగుబడి సుమారు 10 శాతం తగ్గింది. కావున కనిష్ఠ ఉష్ణోగ్రతల నమోదుకు గరిష్ఠ ఉష్ణోగ్రతలతో సమానమైన ప్రాధాన్యం లభించాలి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. ఒక మండలంలో ఒక ఏడాది వచ్చిన బెట్టను నేరుగా మానవ కార్యకలాపాలకు ఆపాదించరాదు. ఎల్‌నినో వంటి సహజ కారణాలు ఎప్పుడూ ఉన్నాయి. అలాగే మానవుడే కారణమన్న మాట చిన్న రైతుపై నిందగా మారరాదు. బొగ్గు, చమురు, సహజవాయువుల వినియోగమే కార్బన్ డయాక్సైడ్ పెరుగుదలకు ప్రధాన మూలం. వరి మడుల నుండి వెలువడే మీథేన్, అధిక నత్రజని వాడకం వల్ల ఏర్పడే నైట్రస్ ఆక్సైడ్ వ్యవసాయం వంతుకు వస్తాయి. తడి–ఆరుతడి పద్ధతి, పత్రరంగు పట్టిక ఆధారంగా నత్రజని వాడకం ఈ రెండింటినీ తగ్గించగలవు; నీటిని, ఖర్చును కూడా ఆదా చేస్తాయి.

సూర్యుడే కారణమైతే రైతుకు మిగిలేది సహనం మాత్రమే. కారణం మానవ చర్యలైతే సలహాకు, విధానానికి, ఆచరణకు చోటు ఉంటుంది. అందువల్ల ఈ ప్రశ్నకు ఆధారాలతో కూడిన స్పష్టమైన సమాధానం ఇవ్వడం విస్తరణ విధులలో భాగం కావాలి. వ్యవసాయ విద్యార్థుల పాఠ్యాంశాలలోనూ దానికి తగిన స్థానం కల్పించాలి.