వానలో మారిన మూడ్లు

వాన మొదలైతే హైటెక్ సిటీలో బైకులన్నీ ఫ్లైఓవర్ల కింద చేరతాయి. మొన్న గురువారం రాత్రి పదకొండుకి నేను మాత్రం పరుగుకి దిగా. ఐకియా దగ్గర కోపం. అప్రైజల్‌లో విన్న మాటలే చెవుల్లో. మైండ్‌స్పేస్ దాటాక భయం. నీళ్లు నిలిస్తే మ్యాన్‌హోల్ ఎక్కడుందో తెలీదు, అక్కడ నడకే.

2020లో తెరిచిన దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి ఎక్కేసరికి ఒళ్లంతా తేలిక. దీన్ని ఎండార్ఫిన్ల ఖాతాలో వేసేస్తాం గానీ, రక్తంలోని ఎండార్ఫిన్లు మెదడులోకి అంత సులువుగా వెళ్లలేవు. ఎండోకానబినాయిడ్ల పని అంటున్నారిప్పుడు. ఎవరి పనైతేనేం, డ్రాఫ్ట్స్‌లో మూలుగుతున్న రాజీనామా మెయిల్ అక్కడే నిలబడి పంపేద్దామనిపించింది! వెనక్కి తిరిగి ఇనార్బిట్ దాకా వచ్చేలోపే ఈఎంఐ తేదీ గుర్తొచ్చింది. తర్వాత అమ్మ.

మెయిల్ ఇంకా డ్రాఫ్ట్స్‌లోనే ఉంది. షూస్‌లో పాత పేపర్లు కుక్కి ఫ్యాన్ కింద పెట్టా. పొద్దున ఆఫీసుకీ అవే మరి.