పాత బండికి న్యాయమైన ధర: అడగడానికి మొహమాటపడకండి



బీపీ, షుగర్, పిల్లల టీకాల గురించి రాయవలసిన నర్సింగ్ విభాగం వాళ్లు పాత బండ్ల ధరల గురించి రాయడమేమిటని మీరు అనుకోవచ్చు. దానికి కారణం ఉంది. కిందటి నెల మగవాళ్ల వార్డులో తుంటి ఎముక విరిగి పడుకున్న ఒక పెద్దాయన కొడుకు మా డ్యూటీ గదికి వచ్చాడు. వాళ్లది అమ్రాబాద్ వైపు, నల్లమల అంచున ఒక పల్లె.

"సిస్టరమ్మా, ఊళ్లకు తిరగనీకి ఫోర్ బై ఫోర్ బండి ఒకటి చూసిన. ఆరు లక్షల ఇరవై వేలు చెప్తున్రు. మీరు దవాఖానకు బండి కొన్నరు గదా, ఇది వాజిబీ రేటేనా?" అని అడిగాడు.

సగం డబ్బుకు తల్లి గాజులు, గొలుసు బ్యాంకులో పెడుతున్నాడట. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం. ఎందుకంటే, అదే ప్రశ్న మేము అడగవలసిన రోజున అడగలేదు.

మేము చేసిన తప్పు

2021లో పల్లె క్యాంపుల కోసం ఒక సెకండ్ హ్యాండ్ ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నాం. కొనుగోలు కమిటీలో నర్సింగ్ విభాగం తరఫున మేమూ ఉన్నాం. బండి తళతళలాడుతోంది. కొత్త సీటు కవర్లు, కొత్త కార్పెట్, ధర కూడా మిగతావాటి కంటే తక్కువ. తలుపు తీయగానే తడిసి ఆరని గుడ్డల వాసన వచ్చింది. "ఏసీ వాసన అమ్మా, రెండు రోజులు తిరిగితే పోతుంది" అన్నాడు అమ్మేవాడు. బండ్ల సంగతి తెలిసిన మగవాళ్లు ఇంతమంది ఉండగా మనకెందుకులే అని మేము ఊరుకున్నాం.

మరుసటి వర్షాకాలంలో వికారాబాద్ అవతల క్యాంపు ముగించుకుని, నొప్పులు పడుతున్న ఒక తల్లిని ఎక్కించుకుని వస్తుంటే, రాత్రిపూట లైట్లతో సహా బండి మొత్తం ఆగిపోయింది. గంటకు పైగా రోడ్డు పక్కన నిలబడ్డాం. దేవుని దయవల్ల మరో జీపు దొరికింది, తల్లీ బిడ్డా క్షేమంగా బయటపడ్డారు. తర్వాత మెకానిక్ కార్పెట్ ఎత్తి చూపిస్తే కింద ఎండిన ఒండ్రుమట్టి, పచ్చటి చిలుము పట్టిన వైర్లు ఉన్నాయి. అది వరదలో మునిగిన బండి.

2020 అక్టోబరు మన పాతబస్తీవాళ్లు మరచిపోయే నెల కాదు. పల్లె చెరువు తెగి అల్ జుబైల్ కాలనీ, గుర్రం చెరువు తెగి హఫీజ్ బాబా నగర్ నీట మునిగాయి. మనుషులతో పాటు ఎన్నో బండ్లూ మునిగాయి. అలాంటి బండ్లను కడిగి, తుడిచి, కొత్త కవర్లు వేసి అమ్మేవాళ్లు ఉంటారు. 2025 సెప్టెంబరులో మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి నీళ్లు వచ్చాయి. కాబట్టి ఈ జాగ్రత్త ఇప్పటికీ అవసరమే.

మా అభిప్రాయం ఇది. న్యాయమైన ధర అంటే అమ్మేవాడు చెప్పిన అంకెలో పదో ఇరవయ్యో వేలు తగ్గించడం కాదు. ఆ బండిని మనుషులు నమ్మి ఎక్కేలా చేయడానికి ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టి, దాన్ని తీసేసిన తర్వాత మిగిలేది. ఆ లెక్క అడిగే హక్కు ఆ బండిలో ఎక్కే ప్రతి ఒక్కరికీ ఉంది, ఇంట్లో ఆడవాళ్లతో సహా.

ముందు, అవసరమా?

నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే బండి బురద బాటకు, వాగు దాటడానికి, ఇసుకకు, కొండదారికి పనికొస్తుంది. శాలిబండ నుంచి నయాపూల్ దాకా తిరగడానికి దానితో పని లేదు. బరువు ఎక్కువ, డీజిల్ ఎక్కువ తాగుతుంది, రిపేరు చేయవలసిన భాగాలూ ఎక్కువ. సంవత్సరంలో నాలుగు రోజుల బురద కోసమైతే, ఆ నాలుగు రోజులు జీపు కిరాయికి తీసుకోవడమే లాభం.

ఇంకొక మాట. పైకి ఒకేలా కనిపించే బండ్లన్నీ ఫోర్ బై ఫోర్ కావు. రోడ్ల మీద కనిపించే బొలెరోలు చాలావరకు వెనక చక్రాలతో నడిచేవే. థార్‌లో కూడా 2023 జనవరి నుంచి వెనక చక్రాలతో మాత్రమే నడిచే రకం వచ్చింది. కాబట్టి వెనక అంటించిన స్టిక్కర్‌ను నమ్మకండి. గేర్ రాడ్ పక్కన రెండో చిన్న రాడ్ గానీ స్విచ్ గానీ ఉందా, బండి కింద ముందు చక్రాల మధ్య గుండ్రటి డిఫరెన్షియల్ ఉందా చూడండి. అవి లేకపోతే ఫోర్ బై ఫోర్ ధర ఇవ్వనవసరం లేదు.

ధర లెక్క ఎలా వేయాలి

ఒకే కంపెనీ, ఒకే రకం, ఒకే సంవత్సరం బండ్లకు కనీసం మూడు చోట్ల ధర కనుక్కోండి. వాళ్లు చెప్పేది అడిగే ధరే కానీ అమ్ముడుపోయే ధర కాదు. అందుకని మూడింటిలో తక్కువదాన్ని పట్టుకోండి.

ఇన్సూరెన్స్ కాగితం మీద ఐడీవీ అనే అంకె ఉంటుంది. బండి పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే విలువ అది. ఆ రకం బండికి కంపెనీ అమ్మకపు ధరలో ఏడాది దాటి రెండేళ్లలోపైతే 20 శాతం, మూడేళ్లలోపైతే 30, నాలుగేళ్లలోపైతే 40, అయిదేళ్లలోపైతే 50 శాతం తరుగు తీస్తారు. 12 లక్షల బండికి మూడేళ్లు దాటితే 7 లక్షల 20 వేలు అన్నమాట. అయిదేళ్లు దాటితే మాట్లాడుకుని నిర్ణయిస్తారు. బజారు ధర అంతకంటే ఎక్కువ ఉండవచ్చు. కానీ తేడా మరీ ఎక్కువైతే "ఎందుకు?" అని అడగడానికి అది చేతిలో ఉన్న ఆధారం.

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారి కొత్త బండ్ల ధరలు తగ్గాయి. కొత్తది తగ్గినప్పుడు పాతదీ తగ్గాలి. "నేను ఇంత పెట్టి కొన్నాను" అని ఎవరైనా అంతకు ముందటి బిల్లు చూపిస్తే, దాన్ని గౌరవంగా పక్కన పెట్టి ఈ రోజు షోరూమ్ ధర ఎంతో చూడండి.

ఢిల్లీ బండి చవక అంటారు. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్లను ఆపింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అలాంటి బండ్లు ఇతర రాష్ట్రాలకు తరలివస్తాయి. చవకే, కానీ అక్కడి ఎన్ఓసీ కావాలి, ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ఖర్చులు కలిపితే చవక ఎంత మిగులుతుందో చూసుకోండి.

రోగిని చూసినట్లు చూడండి

వార్డుకు వచ్చిన రోగిని ముందు టెంపరేచర్, పల్స్, బీపీ చూస్తాం. బండినీ అలాగే చూడాలి. పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. మీరు వచ్చేసరికే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచితే, మరో రోజు వస్తామని చెప్పండి. చల్లటి ఇంజన్ దాచిన జబ్బును బయటపెడుతుంది. నల్లపొగ ఆగకుండా వస్తే డీజిల్ సరిగా కాలడం లేదు. నీలిపొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలిపోతోంది. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి దిగుతోందేమో అనుమానించాలి.

ఆయిల్ రంగు చూడండి. రంగు చూసి జబ్బు పసిగట్టడం మాకు అలవాటే. ఇంజన్ ఆయిల్ గానీ, ముందూ వెనకా డిఫరెన్షియల్స్‌లోని ఆయిల్ గానీ పాలు కలిపిన టీలా ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయని అర్థం.

పశువుల సంతలో పళ్లు చూసి ఎద్దు వయసు చెబుతారు. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. నాలుగూ ఒకే సైజు కావాలి, అరుగుదల కూడా దాదాపు సమానంగా ఉండాలి. సైజులు వేరైతే ఫోర్ వీల్ డ్రైవ్ పెట్టెకు దెబ్బ. కిలోమీటర్ల మీటరు తక్కువ చూపిస్తూ బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఉంటే మీటరును నమ్మకండి, సర్వీసు కాగితాలు అడగండి.

సీటు బెల్టును చివరిదాకా లాగండి. నీళ్లలో మునిగిన బండికి అక్కడ మట్టి చార కనిపించవచ్చు. సీట్ల కింద బోల్టులకు తుప్పు, హెడ్‌లైట్ లోపల ఆవిరి, కార్పెట్ కింద ఒండ్రు చూడండి. ఆ రోజు మేము చేయవలసిన పని అదే, రెండు నిమిషాలు కూడా పట్టదు.

ఫోర్ వీల్‌ను మట్టి నేల మీద పరీక్షించండి. బండి ఆపి, క్లచ్ నొక్కి 4ఎల్ వేయించి, నెమ్మదిగా నడిపించండి. పడకపోయినా, పడ్డాక ఊడకపోయినా, గరగరలాడినా పెద్ద ఖర్చు పొంచి ఉన్నట్లే. పొడి తారు రోడ్డు మీద ఇలా వేసి మలుపులు తిప్పితే మాత్రం మంచి బండి కూడా బిగబట్టినట్లవుతుంది, భాగాలు దెబ్బతింటాయి.

మా వృత్తి తరఫున మరొక మాట. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ కొత్త కార్లలో తప్పనిసరి అయింది 2019 జూలై నుంచే. అంతకు ముందటి బండిలో ఉందో లేదో అడగండి. వెనక ఎదురుబదురుగా ఉండే పక్క సీట్లలో బెల్టులు లేకపోతే అక్కడ పిల్లలను కూర్చోబెట్టవద్దు. తలకు దెబ్బ తగిలిన పిల్లలను చూసినవాళ్లం కనుక చెబుతున్నాం.

కాగితాలు కూడా ధరలో భాగమే

ఆర్సీ మీది ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు బండి మీదివాటితో సరిపోవాలి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ గడువులు తెలుస్తాయి. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 లేకుండా డబ్బు ఇవ్వకండి. పెండింగ్ చలాన్లు ఎవరు కడతారో ముందే తేల్చుకోండి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ఉంటుంది, ఆ తర్వాత అయిదేళ్లకొకసారి పొడిగించాలి. గడువు దగ్గరపడిన బండికి ఆ మేరకు ధర తగ్గాలి.

ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు తీసుకుని బండ్లగూడ గానీ, మీ పరిధిలోని మరో ఆర్టీఏ ఆఫీసులో గానీ 30 రోజుల్లో పేరు మార్పించుకోండి. ఇన్సూరెన్స్‌లో పేరు మార్పుకు 14 రోజుల్లో దరఖాస్తు చేయాలి. లేకపోతే బండి దెబ్బతిన్నప్పుడు క్లెయిమ్ రాకపోవచ్చు. అమ్మేవాళ్లకూ ఇది ముఖ్యమే. బండి ఎంతమంది చేతులు మారినా, ప్రమాదం జరిగితే రికార్డులో పేరున్న వ్యక్తే యజమానిగా బాధ్యుడని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆ అబ్బాయి లెక్క

మాకు తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టి ఆ అబ్బాయిని పంపాం. అలాంటి బండ్లకు మూడు చోట్ల చెప్పిన ధరల్లో తక్కువది 5,70,000. ఇతను చూసిన బండికి టైర్లు రెండు సైజులు, కొత్తవి నాలుగింటికి 32,000. ముందు డిఫరెన్షియల్ ఆయిల్ పాలలా ఉంది, ఆ పనికి 18,000. క్లచ్‌కు 15,000. ఇన్సూరెన్స్ గడువు అయిపోయింది, మరో 15,000. మొత్తం 80,000. అంటే దాని విలువ 4,90,000. అడిగింది 6,20,000. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

లాడ్ బజారులో గాజులకు సగానికి సగం అడిగే మన ఆడవాళ్లు, ఇంట్లో లక్షల బండి కొంటుంటే మాత్రం పక్క గదిలో కూర్చుంటారు. అదే మాకు బాధ. గాజు పగిలితే ఇంకొకటి కొనుక్కోవచ్చు.

అమ్మేవాడు 6 లక్షల దగ్గర ఆగిపోయాడు. అబ్బాయి అడ్వాన్స్ ఇవ్వకుండా వచ్చేశాడు. ఇంకా వెతుకుతున్నాడు. అమ్మేవాడిది మోసమని మేము అనడం లేదు, అతని బండి గురించి అతనికే తెలియకపోవచ్చు. తెలుసుకోవలసింది డబ్బు ఇచ్చేవాళ్లే.

పెద్దాయన డిశ్చార్జ్ అయిన రోజు తీసుకెళ్లడానికి ఆయన భార్య వచ్చింది. ఆమె చేతికి గాజులు ఉన్నాయి. "మంచి బండి దొరికితే అప్పుడే పెడ్తనమ్మా" అంది. మేము అవుననే అన్నాం. మా ఓపీలో మందుల చీటీ రాయించుకుని "ఇది దేనికి?" అని అడగకుండా వెళ్లేవాళ్లకు మేము ఎప్పుడూ చెప్పేదే ఇక్కడా చెబుతున్నాం. అడగండి. ఒకటికి రెండుసార్లు అడగండి.

- నర్సింగ్ సూపరింటెండెంట్