ఊరి పేరు అద్దెకివ్వబడదు

ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. జీఐ ట్యాగ్ అంటాం కదా, అదే. పేపర్లో చదివి చాలామంది ఇదేదో బహుమతి అనుకున్నారు. నిజానికి అదొక కంచె. మా ఊళ్ళో పూతరేకులు చేసే మనిషి రేపు మూటాముల్లే సర్దుకుని కూకట్‌పల్లి వెళ్ళిపోవచ్చు. కుండ బోర్లించుకుని, పల్చటి బియ్యప్పిండి జాలులో ముంచిన గుడ్డ దానిమీద లాగుతూ, అక్కడా అంతే నాజూగ్గా రేకు తియ్యొచ్చు. బెల్లం, నెయ్యి తగ్గకుండా వేసి మంచి పేరూ తెచ్చుకోవచ్చు. కానీ "ఆత్రేయపురం" అన్న మాటని మూటలో కట్టుకుని పోవడానికి లేదు. అది తయారీదార్లందరి ఉమ్మడి సొత్తు. ఆ హక్కుని అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, ఇంకొకరికి రాసివ్వకూడదు అని 1999 నాటి చట్టం 24వ సెక్షన్లో స్పష్టంగానే ఉంది.

ఒక మిఠాయికి ఉన్న ఈపాటి రక్షణ హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్బుకి లేకపోయింది. 2025 అక్టోబరులో ఆ క్లబ్బు ఢిల్లీ వెళ్ళిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. పసుపు జెర్సీ, 2022లో గెలిచిన ఇండియన్ సూపర్ లీగ్ కప్పు, గోల్‌పోస్టు వెనక నిలబడి అరిచిన కుర్రాళ్ళ గొంతులు, అన్నీ ఒక్క ప్రకటనతో ఊరు లేనివైపోయాయి. ఒక్క ఊరేగింపు లేదు, ఒక్క ధర్నా లేదు. మన సాహిత్య పత్రికల్లో, మన గోడల మీద ఒక నిట్టూర్పు కూడా సరిగ్గా వినపడలేదు. నా గొడవంతా ఆ నిశ్శబ్దంతోనే.

"తెలుగువాళ్ళకి ఫుట్‌బాల్ ఎక్కదండీ, మనది క్రికెట్ రక్తం" అని మొదలుపెట్టే పెద్దమనుషులకి ముందు జవాబు చెప్పాలి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. 1950, 1954, 1957ల్లో డ్యూరాండ్ కప్పు తెచ్చింది. ఆంధ్ర పోలీస్ అని పేరు మారాక 1961లో మళ్ళీ గెలిచింది. సంతోష్ ట్రోఫీ 1956, 1957ల్లో హైదరాబాద్‌కి, 1965లో ఆంధ్రప్రదేశ్‌కి వచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టులో హైదరాబాదీలు అరడజను మందికి తక్కువ లేరు. ఆ జట్టుకీ, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన జట్టుకీ కోచ్ ఒక్కడే: సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా బడిపంతులు. ఎక్కని ఆటలో ఇన్ని కప్పులు వస్తాయా?

అయితే ఆ చరిత్రని మనం చెప్పుకునే పద్ధతితోనూ నాకు పేచీ ఉంది. రహీం సాబ్ మీద వ్యాసం అనగానే ఒకటే మూస. పేద గల్లీలు, చెప్పుల్లేని కాళ్ళు, గురువుగారి క్రమశిక్షణ, కేన్సరుతో పోరాటం, 1963లో మరణం, చివర "మనం మర్చిపోయాం" అని ఒక కన్నీటి బొట్టు. 2024లో హిందీలో "మైదాన్" సినిమా వచ్చినప్పుడు ఆ బొట్లు వర్షమై కురిశాయి. ఒక మహానుభావుడు వచ్చాడు, ఒక మహానుభావుడు పోయాడు, ఆయనతోపాటే ఆటా పోయింది. ఇది చరిత్ర అవదు. హరికథ అవుతుంది. కోచ్ చచ్చిపోతే ఆట చచ్చిపోయే పనైతే ప్రపంచంలో ఏ క్లబ్బూ నూరేళ్ళు బతికేది కాదు. అడగాల్సిన ప్రశ్న వేరు: ఆ జట్టు ఎవరిది?

పోలీసు శాఖది. ఆటగాడికి ఉద్యోగం, నెల తిరిగితే జీతం, రిటైరయ్యాక పెన్షను. ఆ రోజుల్లో అది చాలా గొప్ప ఏర్పాటు, దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ గ్యాలరీలో కూర్చున్న మనిషికి ఆ జట్టులో వాటా లేదు. సభ్యత్వం లేదు, ఓటు లేదు. శాఖకి ఆసక్తి ఉన్నంతకాలం జట్టు ఉంది. ఆసక్తి సన్నగిల్లితే "ఇది మాది, మూయడానికి వీల్లేదు" అనే హక్కున్నవాడు ఊళ్ళో ఒక్కడూ లేడు. కలకత్తాలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ సభ్యుల క్లబ్బులుగా పెరిగాయి. వాటిలో గొడవలున్నాయి, రాజకీయాలున్నాయి, తర్వాత కార్పొరేట్ పెళ్ళిళ్ళూ అయ్యాయి. అయినా అభిమాని రోడ్డెక్కితే యాజమాన్యం ఉలిక్కిపడుతుంది. మన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టినవాడు, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా పెరూ మీదా గోల్స్ కొట్టినవాడు. ఆయన ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళి, చివరికి బెంగాల్లోనే స్థిరపడి, 2023లో కోల్‌కతాలో కన్నుమూశాడు. అక్కడ ఆయన్ని గుర్తుపెట్టుకోవడానికి ఒక క్లబ్బుంది. ఇక్కడ ఏముంది?

శాఖ పోయింది, పెట్టుబడి వచ్చింది. 2019లో పుణె సిటీ క్లబ్బు అప్పుల్లో మునిగి మూతపడితే ఆ ఖాళీలో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్ వెళ్ళి ఒడిశా ఎఫ్‌సీ అయింది. పుణె కుర్రాళ్ళ ఏడుపు మనకి వినపడలేదు. మనింట్లో పెళ్ళి సందడి కదా! ఊళ్ళని కుర్చీలాటలో కుర్చీల్లాగా చూసే లీగ్ ఇది. పాట ఆగినప్పుడల్లా ఎవరో ఒకరు నిలబడిపోతారు. ఆరేళ్ళ తర్వాత నిలబడిపోయింది మనం.

"స్టేడియం నిండందే క్లబ్ ఎలా నడుస్తుంది బాబూ?" అనేది రెండో వాదన. లెక్క చూద్దాం. మొదటి సీజన్ 2019-20లో కొత్త జట్టు అట్టడుగున నిలిచింది. తర్వాత రెండు సీజన్లు కోవిడ్ వల్ల లీగ్ మొత్తం గోవాలోనే జరిగింది. అంటే హైదరాబాద్ చాంపియన్ అయిన 2021-22 సీజన్లో హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు. 2022 మార్చి 20న ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో 1-1 అయ్యాక, గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి కప్పు తెచ్చిన ఆ రాత్రి ఊరు టీవీలోనే చూసింది. చాంపియన్ జట్టు సొంతూళ్ళో పూర్తిగా ఆడింది ఒకే ఒక్క సీజన్, 2022-23. అందులో పట్టికలో రెండో స్థానం. ఆ మరుసటేడే జీతాలు ఆగిపోయాయి, ఆటగాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు, కొత్తవాళ్ళని తీసుకోకుండా నిషేధం పడింది, సీజన్ మొత్తమ్మీద ఒక్క గెలుపుతో ఆఖరి స్థానం. 2024లో యాజమాన్యం మారింది. 2025లో ఊరే మారిపోయింది. మొక్క నాటి, నీళ్ళు పొయ్యకుండా, కాయలేదని పీకి పక్క దొడ్లో పాతుకుంటే తప్పు నేలదా?

"ఇదంతా తెలంగాణ సంగతి, గోదావరి జిల్లావాడివి నీకెందుకు?" అనే వాళ్ళూ ఉంటారు. ఆ క్లబ్బు ఆడింది గచ్చిబౌలిలో జి.ఎం.సి. బాలయోగి స్టేడియంలో. బాలయోగి మా కోనసీమ మనిషి. అమలాపురం ఎంపీ, లోక్‌సభ స్పీకరు. 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. ఆయన పేరు ఆ గేటు మీద ఇంకా ఉంది. క్లబ్బు లేదు. పోనీ, ఆంధ్ర సంగతే మాట్లాడదాం. 2020లో రెండో అంచె లీగ్‌లోకి విశాఖపట్నం పేరు మీద ఒక కొత్త క్లబ్బుకి ఫెడరేషన్ ఒప్పుకుంది. 2021-22 నుంచి ఆడటం మొదలుపెట్టిన ఆ క్లబ్బే శ్రీనిధి దక్కన్. సొంత మైదానం దక్కన్ అరీనా, హైదరాబాద్ శివార్లలో. బాగా ఆడింది, 2022-23లోనూ 2023-24లోనూ ఐ-లీగ్‌లో రెండో స్థానం. దాని ఆట మీద నాకు ఫిర్యాదు లేదు. విశాఖ మాట దారిలో ఎక్కడ జారిపోయింది అన్నదే ప్రశ్న. సముద్రం పేరు చెప్పి పీఠభూమిలో ఇల్లు కట్టుకుంటే విశాఖలో ఒక్కరైనా అడిగారా? అడగడానికి వాళ్ళకి ఏ కాగితం మీద హక్కుంది?

ఇక మీ సంగతి. శని, ఆదివారాలు అర్ధరాత్రి దాకా మేలుకుని ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ చూసే మీరు. లివర్‌పూల్ ఓడితే సోమవారం ఆఫీసులో మొహం వేలాడేసే మీరు. పొరుగింటి పుల్లకూర రుచే, కాదన్ను. అయితే ఆ వంటింట్లోకి కూడా ఒకసారి తొంగిచూడండి. పైనున్న పెద్ద క్లబ్బుల్ని వదిలేసి కింది అంచెల్లో వింబుల్డన్‌ని చూడండి. 1988లో లివర్‌పూల్‌నే ఓడించి ఎఫ్ఏ కప్పు గెలిచిన లండన్ పేట క్లబ్బు అది. 2002లో దాన్ని తొంభై కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కి తరలించుకోవచ్చని ముగ్గురు సభ్యుల కమిషన్ 2-1తో తీర్పిచ్చింది. అభిమానులు ఏం చేశారు? కొన్ని వారాల్లోనే సొంతంగా కొత్త క్లబ్బు పెట్టారు. ఊరి మైదానంలో ఎవరైనా రావచ్చని ఎంపిక పోటీలు పెడితే రెండు వందల మందికి పైగా వచ్చారు. తొమ్మిదో అంచె నుంచి మొదలు. మొదటి సీజన్లోనే పాత క్లబ్బు మ్యాచులకంటే ఈ బుల్లి క్లబ్బు మ్యాచులకే జనం ఎక్కువ. 2011కి నాలుగో అంచెకి, అంటే ఫుట్‌బాల్ లీగ్‌లోకి ఎక్కారు. 2020లో ప్లవ్ లేన్‌కి, సొంత పేటకి తిరిగొచ్చారు. క్లబ్బు ఈనాటికీ అభిమానుల ట్రస్టు చేతుల్లో ఉంది. 2007లో మిల్టన్ కీన్స్ క్లబ్బు పాత ట్రోఫీలనీ, వాటి చరిత్ర మీద తన దావానీ వదులుకుంది. అవి వింబుల్డన్ ఉన్న మెర్టన్ బరో వశమయ్యాయి. చరిత్ర ఇంటికి తిరిగొచ్చిందన్నమాట.

ఇంగ్లండ్‌లో 2025లో ఏకంగా చట్టమే వచ్చింది. పై అయిదు అంచెల క్లబ్బులకి ఒక స్వతంత్ర నియంత్రణ సంస్థ. చిహ్నం, సొంతూరి జెర్సీ రంగులు మార్చాలంటే అభిమానుల మాట వినాలి. స్టేడియం తరలించాలంటే అనుమతి కావాలి. జర్మనీలో క్లబ్బు ఓట్లలో సగానికి పైన సభ్యుల దగ్గరే ఉండాలనే నియమం ఎప్పట్నుంచో ఉంది, కొద్దిపాటి మినహాయింపులు తప్ప. ఇవేవీ స్వర్గాలు కావు. అక్కడా దివాళాలున్నాయి, మోసాలున్నాయి. కాకపోతే అక్కడ ఊరు ఒక కక్షిదారు. ఇక్కడ ఊరు టికెట్టు కొనే గిరాకీ మాత్రమే.

"డబ్బు పెట్టినవాడి ఇష్టం" అనేది ఆఖరి వాదన, అందరూ లోలోపల నమ్మేదీ అదే. డబ్బు పెట్టినవాడు ఆటగాళ్ళ కాంట్రాక్టులు కొన్నాడు, లైసెన్సు కొన్నాడు, బస్సు కొన్నాడు. హైదరాబాద్ అనే నాలుగు వందల ఏళ్ళ పేరుకి ఎంత కట్టాడు? విశాఖపట్నం అనే మాటకి ఎవరికి రసీదు ఇచ్చాడు? ఊరి పేరు చూసే కదా కుర్రాడు జెర్సీ కొన్నది! కొనేటప్పుడు ఊరి పౌరుషం కావాలి, అమ్మేటప్పుడు ఊరు అడ్డం రాకూడదు. ఇదెక్కడి బేరం?

ఫుట్‌బాల్ క్లబ్బు పూతరేకు కాదని నాకూ తెలుసు. జీఐ చట్టం సరుకులకే వర్తిస్తుంది, జట్లకి కాదు. కానీ ఆ చట్టం వెనకున్న ఇంగితం చాలా మామూలుది: ఊరి పేరు వల్ల విలువ వస్తున్నప్పుడు ఆ పేరు ఒక్కడి జేబులో ఉండకూడదు. ఆ ఇంగితాన్ని ఫెడరేషన్ లైసెన్సు నిబంధనల్లోకి తీసుకురావడానికి పార్లమెంటు దాకా వెళ్ళక్కర్లేదు. మూడు వాక్యాలు చాలు. ఊరి పేరు పెట్టుకున్న క్లబ్బు ఊరు వదిలితే పేరు, గుర్తు, రికార్డులు, ట్రోఫీలు ఆ ఊళ్ళోనే ఉండాలి. తరలింపుకి ముందు నమోదైన అభిమానుల ఓటు తీసుకోవాలి. వదిలేసి పోతే, ఆ పేరుతో కింది అంచె నుంచి మొదలుపెట్టే హక్కు మొట్టమొదట అభిమానుల సంఘానికే ఇవ్వాలి.

ఈలోగా మనం చెయ్యగలిగిందీ ఉంది. హైదరాబాద్‌లో, విశాఖలో జిల్లా లీగులు ఆడే చిన్న క్లబ్బులకి ప్రేక్షకులు లేరు. ఆదివారం సాయంత్రం ఒక్కసారి వెళ్ళి గట్టు మీద కూర్చోండి. వాళ్ళకి సభ్యత్వ పుస్తకం లేకపోతే పెట్టించండి. వందో రెండొందలో కట్టి రసీదు అడగండి. యజమాని మీద అలిగే హక్కు ఆ రసీదుతో మొదలవుతుంది. రహీం సాబ్‌కి ఇంకో నివాళి వ్యాసం రాయడంకంటే అది కష్టమైన పని. 1950ల్లో గ్యాలరీలు నింపిన మన తాతలకి అప్పట్లో ఆ రసీదు ఎవరూ ఇవ్వలేదు. మనం అడిగి తీసుకోవాలి.