రక్తమా? రసీదా?

మా వీధిలో నాకు ముప్ఫై ఏళ్ళకు పైగా తెలిసిన మిత్రుడొకాయన ఉన్నాడు. 1968లో సికింద్రాబాదులో పుట్టాడు. ఆయన చెల్లెలు 1976లో అదే ఆస్పత్రిలో పుట్టింది. తండ్రి తెలుగాయన, ఇంజనీరు. శిక్షణ కోసం జర్మనీ వెళ్ళి, అక్కడి అమ్మాయిని ఇష్టపడి, పెళ్ళి చేసుకుని 1965లో వెంటబెట్టుకుని వచ్చాడు. ఆవిడ ఇక్కడే కాపురం చేసి, ఇక్కడే పోయింది గానీ జర్మన్ పాస్‌పోర్టు మాత్రం చివరిదాకా వదల్లేదు.

ఇప్పుడు చూడండి వింత. చెల్లెలు పుట్టిన క్షణం నుంచే జర్మన్ పౌరురాలు. అన్న కాదు. ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే ఆస్పత్రి. మధ్యలో వచ్చిందల్లా 1975 జనవరి 1 అనే తేదీ ఒక్కటే.

నెల కిందట ఆయన ఒక కాగితాల కట్టతో మా ఇంటికొచ్చాడు. "ఏమోయ్, రక్తం, వంశం అంటే మండిపడతావు కదా! నాకు అమ్మ తరఫున జర్మన్ పౌరసత్వం తీసుకునే హక్కు వచ్చిందట. తీసుకోమంటావా, వద్దంటావా?" అన్నాడు. ముప్ఫై ఏడేళ్ళు రక్షణ శాఖ లెక్కల విభాగంలో బిల్లులూ వోచర్లూ చూసినవాణ్ణి. రూలు పుస్తకం చదవందే అభిప్రాయం చెప్పను. చదివాను. చదివాక నా మొదటి అభిప్రాయం కొంత మారింది. అది ఎలా మారిందో చెప్పడానికే ఈ వ్యాసం.

జర్మనీ పౌరసత్వ చట్టానికి మూలం 1913 జూలైలో చేసి 1914 జనవరి 1 నుంచి అమలు చేసిన చట్టం. ఎక్కడ పుట్టావన్నది కాదు, ఎవరికి పుట్టావన్నదే దాని ప్రశ్న. పెళ్ళైన దంపతుల బిడ్డకు తండ్రి పౌరసత్వం. పెళ్ళి కాని తల్లి బిడ్డకు తల్లి పౌరసత్వం. జర్మన్ స్త్రీ విదేశీయుణ్ణి పెళ్ళాడితే ఆమె పౌరసత్వమే పోయేది. 1949లో కొత్త రాజ్యాంగం స్త్రీ పురుషులు సమానమంది. అయినా పాత చట్టాలను సవరించుకోవడానికి 1953 మార్చి 31 దాకా గడువిచ్చింది. ఆ తర్వాత పెళ్ళితో తల్లి పౌరసత్వం పోవడం ఆగింది గానీ, దాన్ని బిడ్డకిచ్చే హక్కు మాత్రం రాలేదు. 1964 నుంచి ఒక చిన్న మినహాయింపు పెట్టారు: బిడ్డకు మరే దేశ పౌరసత్వమూ లేకపోతేనే తల్లిది ఇస్తామని. మా మిత్రుడికి భారత పౌరసత్వం ఉంది కనుక అదీ వర్తించలేదు. 1974 మేలో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం ఇది చెల్లదంది. దాంతో 1975 నుంచి తల్లి అయినా తండ్రి అయినా ఒకటే అయింది.

మరి అంతకు ముందు పుట్టిన పిల్లల సంగతి? 1953 ఏప్రిల్ నుంచి 1974 చివరిదాకా పుట్టినవాళ్ళ కోసం ఒక ప్రకటన ఇచ్చుకోమన్నారు. గడువు 1977 డిసెంబరు 31. సికింద్రాబాదులో పిల్లల్ని పెంచుకుంటున్న ఆ తల్లికి ఈ సంగతి ఎవరు చెప్పాలి? ఆ మూడేళ్ళలో మనకిక్కడ ఎమర్జెన్సీ వచ్చింది, పోయింది. జర్మన్ గెజెట్ మన వీధి దాకా రాలేదు. గడువు దాటింది, ఫైలు మూసేశారు. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, క్లెయిము కాలదోషం పట్టింది.

2021 ఆగస్టు 20న ఆ ఫైలు మళ్ళీ తెరిచారు. 1949 మే 23 తర్వాత పుట్టి, కేవలం తల్లి జర్మన్ కావడం వల్ల పౌరసత్వం దక్కనివాళ్ళూ, వాళ్ళ సంతానమూ పదేళ్ళలోగా, అంటే 2031 ఆగస్టు 19 లోగా, ఒక ప్రకటన ఇస్తే చాలు. రుసుము లేదు. భాషా పరీక్ష లేదు. రెండేళ్ళు, అంతకు మించి జైలు శిక్ష పడ్డ నేరస్థుడై ఉండకూడదు. 1949కి ముందు పుట్టినవాళ్ళకి మాత్రం ఈ హక్కు లేదు.

మిత్రుడు అడగ్గానే నా నోటికొచ్చిన మాట ఇది: "రక్తాన్ని చూసి పౌరసత్వమిస్తే అది కులమే గదా!" ఆ మాటలో సగం నిజం ఉంది. 1961 నుంచి ఒప్పందం మీద టర్కీ కార్మికులు జర్మనీ వెళ్ళారు. వాళ్ళ పిల్లలు బెర్లిన్లో పుట్టి, బెర్లిన్ బడిలో చదివి, జర్మన్ తప్ప మరో భాష సరిగా రాకపోయినా విదేశీయులే అయ్యారు. జర్మనీ మొహం చూడనివాడు తాత పేరు చెప్పి పౌరుడయ్యాడు. 2000లో గానీ అక్కడ పుట్టిన విదేశీయుల పిల్లలకు, అదీ తల్లిదండ్రుల్లో ఒకరు ఎనిమిదేళ్ళు చట్టబద్ధంగా ఉండి ఉంటే, పుట్టుకతో పౌరసత్వం రాలేదు. ఆ ఎనిమిదిని 2024లో అయిదు చేశారు.

మిగతా సగం రూలు పుస్తకం చదివాక తెలిసింది. ఆ చట్టంలో రక్తం ఎక్కడుందని వెతికాను. లేదు! పెళ్ళైన స్త్రీకి బిడ్డ పుడితే ఆమె భర్తే చట్టం దృష్టిలో తండ్రి. ఎవరూ సూది గుచ్చి చూడరు. 1977 నుంచి జర్మన్ పౌరులు చట్టబద్ధంగా దత్తత తీసుకున్న మైనరు బిడ్డకు కూడా పౌరసత్వం వస్తుంది. ఆ బిడ్డలో ఏ రక్తముంది? అడిగేదల్లా పుట్టిన కాగితం, పెళ్ళి కాగితం, తల్లి పాస్‌పోర్టు, ఆమె తల్లిదండ్రుల కాగితాలు. గొలుసు 1914కి ముందు పుట్టిన పూర్వీకుడి దాకా వెళ్ళవచ్చు. 1876 నుంచి జర్మనీ అంతటా జనన మరణాలు ప్రభుత్వ రిజిస్టర్లో రాస్తున్నారు. అంతకు ముందైతే చర్చి పుస్తకమే దిక్కు. "రక్త సూత్రం" అని పెద్ద పేరు పెట్టుకున్నది చివరికి పాస్టరుగారి చేతిరాత మీద నిలబడింది.

దీనికి ఘోరమైన రుజువు నాజీలే ఇచ్చారు. 1935లో న్యూరెంబర్గ్ చట్టాలు చేసి "జర్మన్ రక్తం" ఉన్నవాడే పౌరుడన్నారు. రక్తాన్ని ఎలా కనిపెట్టాలో వాళ్ళకూ తెలియలేదు. అందుకని ఆ నవంబరులో ఇచ్చిన ఉత్తర్వులో, తాతలూ అమ్మమ్మలూ నాయనమ్మల్లో ముగ్గురు యూదు మత సమాజంలో సభ్యులై ఉంటే వాడు యూదుడన్నారు. జాతి శాస్త్రమని డప్పు కొట్టినవాళ్ళు ఆధారంగా తీసుకున్నది మత సంస్థల సభ్యత్వ రిజిస్టరు! మన పంతుళ్ళ గోత్రం లెక్క ఇంతకంటే ఎక్కువా తక్కువా కాదు. 1941 నవంబరు 25న మరో ఉత్తర్వుతో దేశం బయట ఉన్న జర్మన్ యూదుల పౌరసత్వం ఒక్క కలంపోటుతో రద్దు చేసి, ఆస్తి ప్రభుత్వానికి జమ కట్టుకున్నారు. ప్రపంచ యుద్ధం మధ్యలో కూడా ఆ ఆస్తిని పద్దు రాసుకోవడం మాత్రం మరిచిపోలేదు. వాళ్ళలోనూ నాలాంటి లెక్కల గుమాస్తాలు ఉండే ఉంటారు. ఆ ఊహ నాకు చాలా రోజులు నిద్ర పట్టనివ్వలేదు.

అందుకే 1949 రాజ్యాంగం 116వ అధికరణంలో, 1933 జనవరి 30 నుంచి 1945 మే 8 దాకా రాజకీయ, జాతి, మత కారణాలతో పౌరసత్వం పోగొట్టుకున్నవాళ్ళకీ వాళ్ళ సంతతికీ అడిగితే తిరిగిస్తామని రాశారు. దీన్ని రక్తానికిచ్చిన బహుమతి అనను. తప్పుడు ఎంట్రీని రివర్సు చేయడం అంటాను. మా మిత్రుడి కేసు అంత ఘోరం కాదు గానీ జాతి అదే. తల్లి ఆడది కాబట్టి కొట్టేసిన పద్దు. దాన్ని తిరిగి జమ కడుతున్నారు. బకాయి తీసుకోవడంలో హేతువాదికి సిగ్గేముంది?

జర్మనీని చూసి నవ్వేముందు మన పుస్తకం కూడా తెరవాలి. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం విదేశంలో పుట్టిన బిడ్డకు తండ్రి భారతీయుడైతేనే మన పౌరసత్వం. ఇంగ్లండులో పనిచేస్తూ అక్కడి వాణ్ణి పెళ్ళాడిన తెలుగు డాక్టరమ్మ 1985లో బిడ్డను కంటే ఆ బిడ్డ భారతీయుడు కాడు. తల్లిని లెక్కలోకి తీసుకున్నది 1992 డిసెంబరు 10 నుంచి. జర్మనీ కంటే దాదాపు పద్దెనిమిదేళ్ళు ఆలస్యం. జర్మనీ మెల్లగా నేలవైపు జరుగుతుంటే మనం నేల నుంచి రక్తం వైపు నడిచాం. 1987 జూలై 1కి ముందు ఈ గడ్డ మీద పుడితే చాలు, మా మిత్రుడిలాగే, భారతీయుడు. ఆ తర్వాత తల్లిదండ్రుల్లో ఒకరు భారతీయులై ఉండాలి. 2004 డిసెంబరు 3 నుంచి ఇద్దరూ అయి ఉండాలి, లేదా ఒకరు భారతీయులై రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. అక్కడ పుట్టిన పసివాడు చేసిన అక్రమం ఏమిటో నాకు ఏ సవరణలోనూ కనబడలేదు.

సరే, మిత్రుడి లెక్కకొద్దాం. 2024 జూన్ 27 నుంచి జర్మనీ రెండు పౌరసత్వాలకూ ఒప్పుకుంటోంది. మనం ఒప్పుకోం. ఇష్టపూర్వకంగా మరో దేశ పౌరసత్వం తీసుకుంటే తొమ్మిదో సెక్షను కింద మనది పోతుంది. చెల్లెలికి అదే జరిగింది. ఆమె జర్మన్ పాస్‌పోర్టు తీసుకుంది. భారత పౌరసత్వం పోయి, ఓసీఐ కార్డు మిగిలింది. 2006 జనవరిలో మన హైదరాబాదులోనే మొదలుపెట్టారు ఆ కార్డును. దానితో ఎన్నాళ్ళైనా ఇక్కడ ఉండవచ్చు. ఓటు లేదు, పోటీ లేదు, వ్యవసాయ భూమి కొనడం లేదు. వేములవాడ మాజీ శాసనసభ్యుడు చెన్నమనేని రమేశ్ కేసులో 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆయన జర్మన్ పౌరుడేనని తేల్చి 30 లక్షల ఖర్చులు వేసింది. ఆయన తెలుగు గడ్డ కుటుంబంలో పుట్టాడా లేదా అని అక్కడ ఎవరూ అడగలేదు. కాగితాలే అడిగారు.

"నీకు ఓటు ముఖ్యమా, అమ్మ బకాయి ముఖ్యమా?" అన్నాను. ప్రతి ఎన్నికకూ పోలింగు బూతు దగ్గర అందరికంటే ముందు నిలబడే మనిషి. మాట్లాడలేదు. అప్పుడు ఇంకో సంగతి చెప్పాను. ఆయన ప్రకటన ఇవ్వకపోయినా ఇరవై నాలుగేళ్ళ కూతురు తన ప్రకటన తానే ఇచ్చుకోవచ్చు. చట్టం ఆ హక్కు సంతానానికి విడిగా ఇచ్చింది. తండ్రి పేరు మీద కూతురి జీవితం నిర్ణయించడం అనే పాత పద్ధతి ఇక్కడైనా లేదు. ఆమెకూ తొమ్మిదో సెక్షను వర్తిస్తుంది కనుక ఆలోచించుకోవాల్సింది ఆమే.

అయితే ఎవరు ఇచ్చినా ముందు ఆయన జనన ధృవీకరణ పత్రం కావాలి. అమ్మ ట్రంకుపెట్టెలో దొరికింది. తండ్రి పేరుంది, తల్లి పేరుంది, తేదీ ఉంది. బిడ్డ పేరు ఉండాల్సిన చోట "మగ" అని మాత్రమే ఉంది. యాభై ఏడేళ్ళుగా ఆ గడి ఖాళీ. సోమవారం ఆయనతో కలిసి ఆఫీసుకెళుతున్నాను, పేరు ఎక్కించడానికి.