మోటారు రాని బాట

సైకిలు తొక్కడానికి ఫ్రాన్సు దేశం వెళ్ళివచ్చామంటే మా ఆఫీసులో ఎవరూ నమ్మలేదు. “ఏమండీ, మన యానాంలో రోడ్లు లేవా?” అని అడిగారు హెడ్డు గుమాస్తాగారు. ఉన్నవి. మంచి రోడ్లే ఉన్నవి. ఐతే వాటి మీద సైకిలు తొక్కే ధైర్యమే మాకు లేదు.

వెళ్ళింది నిజానికి మా అక్కయ్యను చూడడానికి. మా బావగారి తండ్రిగారు 1962లో యానాం చట్టరీత్యా మన దేశంలో కలిసినప్పుడు ఫ్రెంచి పౌరసత్వం కోరుకున్నవారు. అలాంటి కుటుంబాలు మా ఊళ్ళో చాలా ఉన్నవి; సగం బలగం ఇక్కడ, సగం బలగం అక్కడ. బావగారు పనిచేసింది దక్షిణాన తూలూజ్ నగరంలో. రిటైరైన తరువాత ఆయనకు సైకిలు పిచ్చి పట్టిందని అక్కయ్య ఉత్తరాలలో వ్రాస్తుండేది. టిక్కెట్టు ఖర్చు వారే పెట్టుకుని మమ్మల్ని పిలిపించారు. దిగిన మూడవ రోజున బావగారు రెండు సైకిళ్ళు వీధిలో నిలబెట్టి, “ఏమోయ్, కాళ్ళలో సత్తువ ఉందా, కుర్చీకే అప్పగించేశావా?” అన్నారు. గుమాస్తాను పట్టుకుని అలా అడగవచ్చునా?

ఆ బాట పేరు కనాల్ దు మిది గట్టు. కనాల్ అంటే కాలువ, మిది అంటే దక్షిణ దేశం. తూలూజ్ నుండి మధ్యధరా సముద్రపు ఒడ్డున సెత్ రేవు వరకు 240 కిలోమీటర్ల కాలువ. గట్టు మీద దాని వెంటే బాట. మొదటి భాగం, అంటే పోర్ లొరాగే అనే చోటు దాకా, నున్నని తారు. అక్కడి నుండి కంకర. కంకర అంటే మన పెద్ద మెటల్ రాయి కాదు. సన్నగా నలగగొట్టి, తడిపి, రోలరుతో దిమ్మిస చేసినది. చక్రం కింద అప్పడాలు నలిగినట్లు చప్పుడు వస్తుంది. మరికొంత దూరం పోతే ఒట్టి మట్టిబాట, చెట్ల వేళ్ళు పైకి లేచి సైకిలును ఎగరవేస్తవి. సన్నని టైర్ల సైకిలు తెచ్చినవాడు నడుము పట్టుకుని తిరిగిపోవలసిందే.

మోటారు సంగతి. బాట మొదట్లో కర్ర గుంజలో, ఇనుప అడ్డుకమ్ములో పాతి ఉంచుతారు. సైకిలు దూరుతుంది, కారు దూరదు. రోడ్డు అడ్డువచ్చిన చాలా చోట్ల అది రాతి వంతెన మీదుగా పైన పోతుంది, మనం కిందుగా పోతాము. బోర్డు మీద లారీ బొమ్మ గీసి గీత కొట్టి ఊరుకుంటే లారీ ఆగుతుందా? అడ్డుకమ్మి ఉంటేనే ఆగుతుంది. ఇది మేము కళ్ళారా చూసి నేర్చుకున్న మొదటి పాఠం.

ఈ కాలువ తవ్వించిన ఆయన పేరు పియెర్ పోల్ రికే. ఇంజనీరు కాడు, ఉప్పు పన్ను వసూలుచేసే కంట్రాక్టుదారు. అంటే లెక్కలవాడు, మా జాతివాడే! 1666లో పదునాలుగవ లూయీ రాజు ఉత్తర్వు ఇచ్చాడు. అట్లాంటిక్ సముద్రం వైపు పోయే నదికీ, మధ్యధరా సముద్రానికీ కాలువ కలిపితే ఓడలు స్పెయిన్ దేశం చుట్టి రానక్కరలేదని ఆలోచన. చిక్కల్లా మధ్యలో ఉన్న మిట్టకు నీరు ఎక్కించడం. రికే నల్లకొండల వాగుల నీటిని పక్క కాలువలలో మళ్ళించి, సాన్ ఫెరియోల్ దగ్గర పెద్ద కట్ట కట్టి, ఆ నీటిని నొరూజ్ అనే మిట్ట దగ్గరకు తెచ్చాడు. సొంత ఆస్తి అందులోనే పోసి అప్పులపాలయ్యాడు. 1680లో కన్నుమూశాడు, కాలువ తెరిచింది 1681లో. కొద్ది నెలలలో చూడలేకపోయాడు.

ఆ నొరూజ్ మిట్ట దగ్గర మేము సైకిళ్ళు దిగాము. తూలూజ్ నుండి యాభై కిలోమీటర్ల పైచిలుకు. అంతదూరంలోనూ ఎక్కింది 60 మీటర్లకు లోపే; పడవ ఎక్కగలిగిన ఎత్తు ముసలివాడైనా ఎక్కగలడు గదా. అక్కడ నీరు రెండుగా చీలి, ఒక పాయ అట్లాంటిక్ వైపూ, ఒక పాయ మధ్యధరా వైపూ పోతుంది. బావగారు చాలాసేపు ఆ నీళ్ళ వంక చూసి, “మన ఇల్లు కూడా ఇంతేనోయ్,” అన్నారు. మేము మాటాడలేదు. ఆ రాత్రి కాస్తెల్‌నోదరి అనే ఊళ్ళో మకాం. అక్కడ చిక్కుడుగింజల వంటకం ప్రసిద్ధమని విని ఆశపడ్డాము. తీరా అడిగితే గింజలకంటె మాంసమే ముందు చెప్పారు. రొట్టె, జున్ను తిని పడుకున్నాము.

గోదావరి కాలువల పక్కన పుట్టినవారికి ఈ బాట కొత్తగా తోచదు. అవే లాకులు, అవే తలుపులు. కాటన్ దొరగారు ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తిచేసిన తరువాత వ్యాపించిన కాలువలు కూడా పైరుకూ పడవలకూ రెంటికీ పనికివచ్చినవే. అక్కడ గుర్రాలు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవి. ఇక్కడ మనుషులు లాగేవారు. గట్టు మీద బాట ఉన్నది అందుకే. అక్కడి లాకు ఇళ్ళ గోడల మీద ఆ లాకు పేరు, ముందు లాకు ఎంత దూరమో, వెనుక లాకు ఎంత దూరమో వ్రాసిన పలకలు ఇంకా ఉన్నవి. సైకిలు తొక్కేవాడికి అవే మైలురాళ్ళు.

తరువాతి కథ చిత్రంగా ఉంటుంది. పడవల వ్యాపారాన్ని రైలు మింగింది. 1858లో ఆ కాలువను నలభై ఏళ్ళకు కౌలుకిచ్చింది రైలు కంపెనీకే! పిల్లికి పాలకుండ అప్పగించినట్లు. తరువాత ఆ రైలును మోటారు మింగింది. పల్లెల మధ్య తిరిగే చిన్న రైలు మార్గాలు చాలా మూతపడి, పట్టాలు పీకివేశారు. కట్ట మాత్రం మిగిలింది. బుర్గుండీ ప్రాంతంలో జివ్రీ నుండి క్లూనీ వరకు అలాంటి కట్టనే 1997లో సైకిళ్ళకూ నడిచేవారికీ బాటగా చేశారు. ఫ్రాన్సులో “వ్వా వెర్త్” అనే పేరున, అంటే పచ్చబాట, అదే మొదటిది. దానిని తరువాత మాకోన్ వైపు పొడిగించినప్పుడు పాత రైలు సొరంగం ఒకటి దారిలో వచ్చింది. 1600 మీటర్లు. చలికాలంలో దానిని మూసివేస్తారు, గబ్బిలాలు నిద్రపోతవని! గబ్బిలం నిద్రకు కూడా విలువ ఇచ్చే రోడ్డు శాఖ ఎక్కడైనా ఉన్నదా?

ఉత్తరాన బ్రిటనీలో నాంత్ నుండి బ్రెస్త్ వరకు 364 కిలోమీటర్ల కాలువ ఉన్నది. ఇంగ్లీషు ఓడలు సముద్రం దిగ్బంధం చేస్తున్నవని నెపోలియన్ మొదలుపెట్టించాడు. అది పూర్తి అయ్యేసరికి 1842 వచ్చింది. ఇంగ్లీషువారి భయమూ తీరింది, నెపోలియనూ పోయాడు. యుద్ధానికి పనికిరాని ఆ కాలువ గట్టు కూడా నేడు చాలా భాగం సైకిళ్ళ బాట. 2004లో పచ్చబాట అనే మాట అక్కడి రోడ్డు చట్టంలో చేరింది: మోటారు లేని బండ్లకూ, నడిచేవారికీ, గుర్రపు రౌతులకూ మాత్రమే. గమనించండి, ఇందులో చాలా వాటికి కొత్తగా భూమి కొనలేదు. పాత పని పోయినప్పుడు నేల పంచుకుని తినకుండా అట్టిపెట్టారు, అంతే.

అంతా స్వర్గమనుకోకండి. ఆ కాలువకు అందం తెచ్చింది ప్లతాన్ చెట్లు. వెడల్పు ఆకులు, ఊడిపోయే బెరడు, రెండు వైపులా పందిరి వేసినట్లు నీడ. మొత్తం 42,000 ఉండేవి. 2006లో వాటికి బూజు తెగులు బయటపడింది. రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యపు మందుగుండు పెట్టెల కర్రతో వచ్చి ఆ దేశంలో నాటుకున్న తెగులు అది. పడవలు వేళ్ళకు ఒరుసుకున్న చోటల్లా గాయంలోంచి లోపలికి పోతుంది. మందు లేదు, నరికి కాల్చివేయడమే. కొన్ని చోట్ల మేము మైళ్ళకొద్దీ ఎండలోనే తొక్కాము. పక్కన రకరకాల లేత మొక్కలు నాటారు. ఒకే జాతి నాటితే ఏమౌతుందో తెలిసివచ్చింది కనుక. వాటి నీడ మా మనుమల తరానికి. గాలి మరొక శత్రువు. ఓతాన్ అనే గాలి ఆగ్నేయం నుండి ఎదురుకొడితే పెడలు మీద నిలబడినా సైకిలు కదలదు. సెర్ అనే పడమటి గాలి అయితే మనల్ని సముద్రం వైపు తానే నెట్టుకుపోతుంది.

ఇన్ని చూసినా మాకు మనసులో నిలిచింది ఒక్కటే. ఒక లాకు దగ్గర దాహానికి ఆగాము. డెబ్బై ఏళ్ళ మామ్మగారొకరు సైకిలు మీద నింపాదిగా వస్తున్నారు. ఆవిడ ముందు అయిదారేళ్ళ మనుమడు చిన్న సైకిలు మీద బాట ఈ చివర నుండి ఆ చివరకు పాములాగా వంకరలు పోతున్నాడు. “పక్కకు రా!” అని ఆవిడ ఒక్కసారి కూడా కేకవేయలేదు. వెనక్కు తిరిగి చూడలేదు. చూడవలసిన పని లేదు. మాకెందుకో గొంతు పట్టింది.

ఎందుకో చెబుతాము. రెండేళ్ళ క్రితం మా చిన్నమ్మాయి బడి నుండి సైకిలు మీద వస్తుంటే, మా ఊరి మధ్యగా పోయే జాతీయ రహదారి మీద ఒక లారీ హ్యాండిలును ఒరుసుకుని పోయింది. మోకాలు కొట్టుకుపోవడంతో సరిపోయింది, దేవుడి దయ. ఆనాటి నుండి ఆ సైకిలు వసారాలో గోడకు ఆనించి ఉన్నది. టైర్లలో గాలి లేదు. పిల్ల ఆటోలో పోతున్నది. “ఇక తొక్కవద్దు” అని ఆజ్ఞ ఇచ్చినవారము మేమే. లారీ తప్పుకు శిక్ష పిల్లకు వేశామన్నమాట. ఆ మామ్మగారిని చూసేదాకా ఆ సంగతి మాకు తట్టలేదు.

తిరిగివచ్చిన తరువాత మొదటి ఆదివారం సైకిలు షాపుకు తీసుకుపోయి ట్యూబులు మార్పించాము. తెల్లవారుజామున పిల్లను వెంటబెట్టుకుని పొలాల్లోని పుంత దారి పట్టాము. మనవాళ్ళు ఏ రాష్ట్రంలో స్థిరపడినా ఊరి వెనుక ఇలాంటి దారి ఏదో ఒకటి ఉండే ఉంటుంది. పుంత అనండి, డొంక అనండి. మా పుంతలో ఒక చోట చెత్త పోశారు, ఒక చోట ఎవరో కంచె ముందుకు జరిపారు. ఐనా మూడు కిలోమీటర్లు నడుస్తుంది. ఈ పుంత ఎక్కడెక్కడ ఆక్రమణలో ఉన్నదో సర్వే పటం తీయించి అర్జీ పెట్టాలని నిశ్చయించుకున్నాము. అర్జీలు వ్రాయడంలోనైనా ఈ చేతికి అలవాటు ఉన్నది. పాఠకులు కూడా తమ తమ ఊళ్ళలో ఇలాంటి బాటలు ఏవి మిగిలినవో వ్రాసి పంపితే ఈ పేజీలోనే ప్రకటిస్తాము.

పిల్ల మొదట భయపడింది. తరువాత మాకంటె ముందుకు పోయి, ఎవరూ చెప్పకుండానే, ఈ చివర నుండి ఆ చివరకు వంకరలు పోసాగింది. మేము కేకవేయలేదు. పుంత వెళ్ళి పెద్ద రోడ్డులో కలిసేచోట మాత్రం తానే దిగి, సైకిలు పట్టుకుని, మా కోసం నిలబడింది.